లయల్ ఇంటికి సిగ్నల్ తెచ్చిన గ్లెనిస్

మా కరవింగ ఊళ్ళో ఎవరి ఫోనైనా మాట మధ్యలో కట్ అవడం మొదలుపెడితే, కంపెనీవాళ్ళకంటే ముందు గ్లెనిస్ ట్రెంబాత్‌కి కబురు పెడతారు. కబురంటే మనిషి స్వయంగా వెళ్ళి చెప్పాల్సిందే, ఫోను పనిచెయ్యదు కదా. ఆవిడ తలుపు తీసి, కళ్ళజోడు నెత్తిమీదకి తోసుకుని ఒకటే మాట అడుగుతుంది.

"ఆ డబ్బా తీసుకెళ్ళి ఏ మూల పెట్టారు?"

డబ్బా అంటే వైఫై రూటరు. ఎక్కడ పెట్టామో సిగ్గుపడుతూ చెప్పాక వంటింటి దీపం ఆర్పి, చెప్పులు మార్చుకుని బయల్దేరుతుంది. వెనకాలే నేను. నా పేరు రాస్. గోధుమలు నిలవచేసే సైలో దగ్గర లారీలు తూకం వేసి వేసి రిటైరయ్యాను. ఆవిడ పక్కిల్లే నాది. నన్నెందుకు తీసుకెళ్తుందంటే నా దగ్గర మంచి నిచ్చెన ఉంది. అంతకుమించి నాకు ఏ గొప్పా లేదని ఆవిడే పదిమందిలో చెబుతుంది.

గ్లెనిస్‌కి ఫోన్లతో సంబంధం ఈనాటిది కాదు. పోస్టాఫీసు వెనకగదిలో పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజి ఉన్నరోజుల్లో, బడి మానెయ్యగానే అందులో పనికి కుదిరింది. చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని, తీగలు గుచ్చి ఊరినంతా ఒకరితో ఒకరిని కలిపేది. డాక్టరు గారింటికి కలపమని ఎవరైనా అడిగితే, "ఇంట్లో లేరు, క్లబ్బులో బౌల్స్ ఆడుతున్నారు, అక్కడికే ఇస్తానుండు" అనేది. ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో ఆవిడకి తెలియనిది లేదు. "వినడం నా ఉద్యోగం, చెప్పడం కాదు" అని ఇప్పటికీ అంటుంది. అప్పటి రహస్యాలు లాగాలని మేం బార్లో ఎన్నోసార్లు ప్రయత్నించాం. షాండీ తాగి నవ్వుతుందే కాని ఒక్కటీ బయటపెట్టదు.

ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి వచ్చాక ఆ ఉద్యోగం పోయింది. ఆ రోజు కేకు కోశారు, పెద్దమనిషెవరో ఉపన్యాసం చెప్పాడు. గ్లెనిస్ చివరి తీగ పీకేసి, ఎప్రన్ కట్టుకుని బడి క్యాంటీన్‌లో చేరిపోయింది. గొర్రెల బొచ్చు కత్తిరించే మెర్విన్‌ని పెళ్ళి చేసుకుంది, జెనీన్ అనే కూతుర్ని పెంచింది. మెర్విన్ పోయి కొన్నేళ్ళయింది. జెనీన్ ఎక్కడో దూరాన డార్విన్ నగరంలో నర్సు.

వైఫై పిచ్చి జెనీన్ వల్లే మొదలైంది. ఆదివారం ఆదివారం కూతురు ఫోను చేసేది. మా ఊరికి టవరు ఊరి బయటి ఇసుక దిబ్బలకి అవతలెక్కడో ఉంది. ఇంట్లో ఉంటే మాట సగంలో మింగుకుపోతుంది. అందుకని గ్లెనిస్ పెరట్లో బట్టలారేసే తీగ పక్కన పాలడబ్బాల పెట్టె ఒకటి బోర్లించుకుని, దానిమీద నిలబడి మాట్లాడేది. వాన పడుతుంటే గొడుగు. కంచె ఇవతల టమాటాలకి నీళ్ళు పెట్టుకుంటూ నేనూ అంతా వినేవాణ్ణి.

"ఏంటమ్మా? పుట్టిందా? ఎవరికి పుట్టింది? ... ఆఁ? పిల్లి పిల్లల్ని పెట్టిందా? పిల్లికి పేరేంటి? ... జెనీన్? జెనీన్!"

తరవాత తెలిసిందేమంటే, పిల్లీ లేదు గిల్లీ లేదు. కూతురికి వార్డులో పెద్ద హోదా ఇచ్చారు.

కంపెనీకి ఫోను చేస్తే "ఆపి మళ్ళీ వెయ్యండమ్మా" అన్నారు. ఆపింది, వేసింది. మళ్ళీ అదే మాట. ఒకరోజు ఫోను టక్కున పెట్టేసి, కంచె మీంచి నాతో అంది:

"ఎక్స్ఛేంజిలో లైను తెగితే నేను ఆపి మళ్ళీ వేశానా? తీగ పట్టుకుని అది ఎటు పోతే అటు వెళ్ళి చూసేదాన్ని. ఇప్పుడు తీగ లేదు. అయితే ఏం? ఆ చివర ఈ చివర ఉన్నాయిగా!"

ఆ సాయంత్రమంతా ఫోను చేత్తో ముందుకి పట్టుకుని, కళ్ళు దానిమీదే పెట్టి, గదిగదీ తిరిగింది. రూటరు పక్కన ఉంటే సిగ్నల్ గీతలన్నీ నిండుగా ఉన్నాయి. వంటింట్లోకి రాగానే ఒకటి. పడగ్గదిలో అసలే లేవు. రూటరు ఉన్నదేమో టీవీ వెనక, మెర్విన్ ముచ్చటపడి కొన్న పెద్ద చేపల తొట్టికి ఆనుకుని. నీళ్ళ తొట్టి అడ్డం వస్తోందని తట్టి, దాన్ని తీసి నడవలో బీరువా మీద పెట్టింది. ఇల్లంతా గీతలు లేచి నిలబడ్డాయి. ఆ ఊపులో ఫోను సెట్టింగుల్లో వెతుకుతుంటే "వైఫై కాలింగ్" అని ఒక మీట కనబడింది. నొక్కింది. ఇక టవరుతో పనిలేదు, ఇంట్లో నెట్టుంటే చాలు, మాట దాంట్లోంచే పోతుంది.

"అమ్మా, నువ్వు డార్విన్ వచ్చేశావా? పక్కగదిలోంచి మాట్లాడుతున్నట్టుంది" అంది జెనీన్.

పాలడబ్బాల పెట్టె నాకిచ్చేసింది. టమాటా మొక్కలు పెట్టుకున్నాను.

ఆ వార్త ఊరంతా పాకింది. బార్లో మధ్యాహ్నం భోజనాల వేళకే కార్డు మిషను ఎందుకు మొరాయిస్తోందో ఎవరికీ అర్థం కాలేదు. రూటరు మైక్రోవేవ్ నెత్తిన కూర్చుందని గ్లెనిస్ కనిపెట్టింది. బేకరీవాళ్ళింట్లో రొట్టెలు కాల్చే ఇనప రేకుల దొంతర వెనక దొరికింది. పాస్టరమ్మ గారింట్లో అయితే అందంగా లేదని దాన్ని రాగి కూజాలో పెట్టి మూత వేశారు. "పాపం ఊపిరాడక చచ్చిపోయుంటుంది" అంది గ్లెనిస్. ఊరికే చేసిపెట్టేది. టీ మాత్రం అడిగి తాగేది, బిస్కట్లు బాగోకపోతే ఆ సంగతీ మొహంమీదే చెప్పేది.

ఇంతలో లయల్ జెర్బ్‌స్ట్ కిందపడ్డాడు.

లయల్ ఊరికి ఉత్తరాన గొర్రెలు పెట్టుకుని ఒంటరిగా ఉంటాడు. పెళ్ళి చేసుకోలేదు. గ్లెనిస్, అతను ఒకే బెంచీలో చదువుకున్నారు. వాళ్ళ తాత కట్టిన సున్నపురాయి ఇల్లు అతనిది, గోడలు మూరెడు మందం, పైన రేకులు. లోపల వేసవిలో చల్లగా ఉంటుంది కాని ఫోను మాత్రం రాయి కింద ఉన్నట్టే. అందుకని ఎవరికైనా ఫోను చెయ్యాలంటే వాననీళ్ళ టాంకు నిలబెట్టిన దిమ్మమీదకి ఎక్కేవాడు. ఆ నిచ్చెన మెట్టు పుచ్చిపోయి విరిగింది. కింద రోజ్‌మేరీ పొద ఉండబట్టి బతికిపోయాడు. చీలమండ మెలిపడి లేవలేకపోయాడు, ఫోనేమో ఎగిరి కోళ్ళగూట్లో పడింది. టపా వ్యాను నడిపే అమ్మాయి వచ్చేదాకా వెల్లకిలా పడుకునే ఉన్నాడు.

"ఏం బాధ లేదు. మబ్బులు చూస్తూ పడుకున్నా. అంత విశ్రాంతి ఎప్పుడూ దొరకలేదు" అన్నాడు నేను చూడ్డానికి వెళ్తే.

అడిలైడ్ నుంచి వాళ్ళక్క నాన్స్ దిగింది. నాన్స్ అక్కడ బట్టలకొట్టు నడిపి, అమ్మేసి, ఇప్పుడు నది ఒడ్డున కొత్తగా కట్టిన ఫ్లాటులో ఉంటోంది. తమ్ముడంటే ప్రాణం. అందుకే తిట్టకుండా ఉండలేదు. మేం వెళ్ళేసరికి వంటింట్లో యుద్ధం జరుగుతోంది.

"ఒరేయ్, ఇది ఇల్లనుకున్నావా, గుహ అనుకున్నావా? నేను ఫోను చేస్తే ఎప్పుడన్నా ఎత్తావా? ఎత్తినా రెండు ముక్కలు మాట్లాడేసరికి చచ్చిపోతుంది. నువ్వు బతికున్నావో పోయావో నాకెలా తెలియాలి?"

"పోతే ఎవరో ఒకరు చెబుతార్లే."

"చూశావా గ్లెనిస్, వీడి మాటలు! మా ఫ్లాటు పక్కనే ముసలాళ్ళ హోము ఉంది. శుభ్రమైన గదులు. గంట కొడితే మనిషొస్తాడు. ఇది అమ్మేసి వచ్చెయ్యమంటున్నా."

"నాకు గంట కొట్టే అలవాటు లేదు," అన్నాడు లయల్, కట్టు కట్టిన కాలు కుర్చీమీదికి లాక్కుంటూ.

గ్లెనిస్ తెచ్చిన సూపు గిన్నె పొయ్యిమీద పెట్టి, మూత తీసి వాసన చూసి, అప్పుడు అడిగింది.

"నాన్స్, నీ బెంగ ఫోను గురించా, గంట గురించా?"

"ఫోను గురించే అనుకో."

"అయితే ఫోను నేను బాగుచేస్తా. నెలరోజులు చూడు. నువ్వు ఎప్పుడు చేసినా వీడు ఎత్తి మాట్లాడితే వీడి గొర్రెలూ వీడూ ఇక్కడే. ఎత్తకపోతే హోముకి నేనే సామాను సర్దుతా."

"నన్నెవరూ అడగరా?" అన్నాడు లయల్.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకేసారి "లేదు" అన్నారు.

ఆ ఇంటి సంగతి చూశాక గ్లెనిస్ కూడా తల పట్టుకుంది. నెట్టు కోసం కప్పుమీద డిష్షు పెట్టినవాళ్ళు రూటరుని వెనకవైపు బట్టలుతికే గదిలో, నీళ్ళు కాగే ఇనప డ్రమ్ము పక్కన బిగించి పోయారు. లయల్ బతికేదంతా ముందువైపు వంటింట్లో. మధ్యలో తాతగారి గోడలు. పైగా ఫోను బొత్తాలది. టాంకు దిమ్మమీద తప్ప పనికిరాదు. దాంట్లో వైఫై కాలింగ్ లేదు.

"ఇదిగో, ఇది నాది, పాతది. బాగానే పనిచేస్తుంది, తీసుకో" అని గ్లెనిస్ తన సంచీలోంచి తీసిచ్చింది.

"దీనికి బొత్తాలేవి?"

"అద్దం మీద నొక్కు."

"నా వేలు దానికి తెలియట్లేదే!"

"అరవయ్యేళ్ళు తీగకంచెలు లాగిన వేలు. గొర్రె కొవ్వు కడుక్కుని నొక్కు."

నిచ్చెన వేసి అటకలోకి ఎక్కింది నేనే. రూటరునుంచి లావుపాటి కేబుల్ ఒకటి అటకమీదుగా ముందువైపుకి లాగాను. అటకల్లో దూరే పోసమ్ జంతువులు చచ్చిపడున్నవీ, తాతగారి బూట్లూ, ధూళి. కింద నుంచి గ్లెనిస్ "ఎడమకి! ఎడమంటే నీ అన్నం తినే చెయ్యి కాదు, రెండోది!" అంటూ అరిచేది. ఆ కేబుల్ చివర వంటింట్లో రెండో డబ్బా బిగించాం, అల్మారా పైన, ఫ్రిజ్‌కి దూరంగా. కరెంటు పోతే నెట్టు పోకుండా చిన్న బ్యాటరీ కూడా పెట్టింది. గ్లెనిస్ తన ఫోన్లోంచి లయల్‌కి చేసింది. ఎదురుగా కూర్చున్నవాడి గొంతు రెండు చెవుల్లోనూ వినబడింది.

"ఏమయ్యా, వినబడుతోందా?"

"నువ్వెప్పుడు వినబడలేదు కనక," అన్నాడు లయల్.

పని అయిపోయిందనుకున్నాం. వారం తిరక్కుండానే నాన్స్ గ్లెనిస్‌కి ఫోను చేసింది, ఏడుపొక్కటే తక్కువ.

"మోగుతోంది, మోగుతోంది, ఎత్తడు. నిన్నా అంతే, మొన్నా అంతే. మళ్ళీ పడ్డాడేమో వెళ్ళి చూడవా?"

మేం కారేసుకుని పరిగెత్తాం. లయల్ వంటింట్లో కూర్చుని, శాండ్‌విచ్‌లో బీట్‌రూట్ ముక్కలు పేరుస్తున్నాడు. ఎదురుగా బల్లమీద ఫోను మోగుతోంది. తల కూడా ఎత్తలేదు.

"ఫోను మోగుతుంటే వినబడ్డం లేదా?" అని అరిచింది గ్లెనిస్.

"అది ఫోను కాదు, మార్జరీ."

మార్జరీ అంటే అతను పెంచుకుంటున్న గాలా. గులాబీ రొమ్మున్న కాకతువ్వ. చిన్నప్పుడు రెక్క విరిగి దొరికితే పెంచాడు, అప్పటినుంచి వంటింటి కిటికీలో దానిదే రాజ్యం. కొత్త ఫోను మోత దానికి రెండురోజుల్లో పట్టుబడిపోయింది. పొద్దున లేచింది మొదలు అచ్చం అలాగే మోగేది. లయల్ కుంటుకుంటూ వచ్చి ఫోను ఎత్తి "హలో" అంటే అటు ఎవరూ ఉండరు, మార్జరీ మాత్రం కిలకిలమనేది. అలా పదేపదే మోసపోయి, చివరికి ఏది మోగినా మార్జరీ ఖాతాలోనే వేసేశాడు.

గ్లెనిస్ కుర్చీలో కూలబడి కళ్ళమ్మట నీళ్ళొచ్చేదాకా నవ్వింది. మార్జరీ ఆ నవ్వు కూడా నేర్చుకుంటోందేమో, తల పక్కకి వంచి శ్రద్ధగా వింది.

"మోత మార్చెయ్," అన్నాను నేను.

"అదీ నేర్చేస్తుంది. ఇది బుద్ధిమంతురాలు, దీని యజమానిలా కాదు." గ్లెనిస్ ఫోను మోత తీసేసి వణుకు మాత్రం ఉంచింది. చొక్కా జేబులో వేసుకోమంది. "ఇది జేబులో గిలిగింతలు పెడితే నాన్స్. చెవిలో మోగితే మార్జరీ. గుర్తుంటుందా?"

"నాన్స్ నాకు ఎప్పుడూ గిలిగింతలు పెట్టలేదు," అన్నాడు లయల్ సీరియస్‌గా.

అప్పట్నుంచి ఎత్తడం మొదలుపెట్టాడు. అయినా ఒక చిక్కు మిగిలింది. మాట్లాడుతుంటే నాన్స్ గొంతు నీళ్ళలో మునిగినట్టయి, తరవాత కట్ అయిపోయేది. నాన్స్ మళ్ళీ చేసి "చూశావా, ఆ రాతిగోడలు! ఏం చేసినా ఇంతే. నెలాఖరు వస్తోంది, హోములో గది ఖాళీ అయింది" అనేది. లయల్ మొహంలో మొదటిసారి భయం చూశాను. కంచె దగ్గర నిలబడి, గొర్రెలనీ కాళ్ళ దగ్గర పడుకున్న తన కుక్కనీ చూస్తూ, "ఈ ముసలి కుక్కని హోములో రానిస్తారంటావా?" అని అడిగాడు నన్ను.

గ్లెనిస్ మాత్రం ఊరుకోలేదు. జెనీన్ చేత డార్విన్ నుంచి లయల్‌కి ఫోను చేయించింది. గాజులా స్పష్టంగా ఉంది. తను చేసింది, నన్ను చెయ్యమంది. బాగానే ఉంది. ఆ తరవాత చేతులు నడుముమీద పెట్టుకుని అంది:

"లైనుకి రెండు చివరలుంటాయి. మనం ఒక చివరే చూస్తున్నాం. రాస్, అడిలైడ్ బస్సు ఎప్పుడు?"

నేను కూడా వెళ్ళాను. నిచ్చెన లేకుండా ఆవిడతో వెళ్ళడం అదే మొదలు. నాన్స్ ఫ్లాటు అద్దాల మేడ. గోడ నిండా నల్లటి అద్దాలు, ఎండ లోపలికి రాకుండా వాటికేదో లోహపు పూత. కింద నది, బాతులు, సైకిళ్ళు. అందమైన ఇల్లే. కాని గ్లెనిస్ గుమ్మంలో అడుగుపెడుతూనే ఫోను తీసి చూసుకుంది. టవరు గీత ఒక్కటి మిణుకుమంటోంది. బాల్కనీ తలుపు తీసి బయటికి వెళ్తే నిండుగా ఉంది. లోపలికొస్తే మళ్ళీ పోయింది.

"నాన్స్, లయల్‌తో ఎక్కడ కూర్చుని మాట్లాడతావు?"

"ఇదిగో, ఈ వంటింటి మూల. ఫ్రిజ్ పక్కన. ఇక్కడైతే చల్లగా ఉంటుంది."

"నీ రూటరేది?"

"నాకేం తెలుసు? కట్టినవాళ్ళే ఎక్కడో పెట్టారు."

గ్లెనిస్ అల్మారాలన్నీ తెరిచింది. చివరికి గుమ్మం పక్కన బట్టల బీరువాలో, కోట్ల వెనక, గోడలోకి దింపిన ఇనప పెట్టెలో దొరికింది. ఇనప తలుపు వేసి, తాళం కూడా వేసి ఉంది.

గ్లెనిస్ ఆ తాళంమీద వేలితో టకటకా కొట్టింది. నాన్స్ మొహం బీట్‌రూట్ రంగుకి తిరిగింది.

"అంటే... ఇన్నాళ్ళూ కట్ అయింది నా దగ్గరా?"

"అన్నీ కాదు. సగం నీవి, సగం వాడివి. అక్కాతమ్ముళ్ళు కదా, పంచుకున్నారు."

నాన్స్ సోఫాలో కూర్చుని చేత్తో మొహం కప్పుకుంది. ఏడుస్తోందనుకున్నాను. వేళ్ళ సందుల్లోంచి నవ్వుతోంది. "వాణ్ణి గుహలో ఉన్నావన్నాను!" అంది.

రూటరు ఇనప పెట్టెలోంచి బయటపడి, హాల్లో పుస్తకాల అరమీదికెక్కింది. నాన్స్ ఫోన్లో వైఫై కాలింగ్ మీట నొక్కి, గ్లెనిస్ లయల్‌కి చేయించింది.

"ఒరేయ్, వినబడుతోందా?"

"బాగా. ఎందుకరుస్తావు? మార్జరీ బెదిరింది."

తరవాత ఏం మాట్లాడుకున్నారో చెప్పమంటే చెప్పలేను, అంత చిన్న విషయాలు. వాళ్ళమ్మ క్వాండాంగ్ పళ్ళతో జామ్ వండేటప్పుడు నారింజ తొక్క వేసేదా లేదా అని మొదలుపెట్టారు. వేసేదని నాన్స్, చచ్చినా వెయ్యదని లయల్. అక్కణ్ణుంచి నల్ల గుర్రం పేరుమీదకి, అక్కణ్ణుంచి ఎవరు ఎవర్ని నీళ్ళతొట్లో తోశారన్నదానిమీదకి. టీ చల్లారిపోయింది. గ్లెనిస్ బాల్కనీలోకి వచ్చి నా పక్కన నిలబడి, నది చూస్తూ, నెమ్మదిగా అంది. "ఏళ్ళ తరబడి వీళ్ళు రెండు ముక్కలకి మించి మాట్లాడుకోలేదు రాస్. 'బతికున్నావా', 'ఉన్నాను', కట్. అందుకే నాన్స్‌కంత భయం."

హోము ఊసు మళ్ళీ రాలేదు. ఆ మేడలో నాన్స్ ఇరుగుపొరుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆ ఇనప పెట్టెల సంగతి విని గుమ్మంలో నిలబడ్డారు, దాంతో గ్లెనిస్ ఇంకా కొన్నాళ్ళు ఉండిపోయింది. నేను ఒక్కణ్ణే తిరిగొచ్చాను.

ఆవిడ బస్సు దిగిన రోజున లయల్ స్వయంగా ట్రక్కు వేసుకుని వచ్చాడు, కాలు బాగయింది. సామాను అందుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"గ్లెనిస్, ఒక్క సాయం. ఆ వైఫైని కొంచెం... మరీ పూర్తిగా కాదు, కొంచెం చెడగొట్టగలవా?"

"ఏం?"

"నాన్స్ పొద్దున లేస్తే ఫోను, గొర్రెల దగ్గరికి వెళ్ళొస్తే ఫోను, పళ్ళు తోముకున్నావా అని ఫోను. నిన్న వాతావరణం గురించి చెప్పింది. మా ఇంటి వాతావరణం!"

"చెడగొట్టను," అంది గ్లెనిస్ ట్రక్కెక్కి తలుపేసుకుంటూ. "కావాలంటే ఆ టాంకు దిమ్మ పక్కకెళ్ళి నిలబడు. కింద టవరూ అందదు, నెట్టూ అంతవరకూ రాదు. కాసేపు దాక్కో, అలసట తీరాక ఇంట్లోకి రా."

లయల్ గంభీరంగా తలూపాడు. ఆ సలహా పాటిస్తున్నాడనే అనుకుంటాను. మధ్యాహ్నాల్లో అటు వెళ్ళినప్పుడు చూస్తుంటాను, దిమ్మ నీడలో కుర్చీ వేసుకుని, టోపీ మొహంమీదకి లాక్కుని ఉంటాడు. కాసేపటికి తనే లేచి, దుమ్ము దులుపుకుని, జేబులో చెయ్యి పెట్టి ఫోను తడుముకుంటూ, అది వణికేలోపల చేరాలన్నట్టు గబగబా వంటింటివైపు నడుస్తాడు.